సోమ్యూర్: ఒక నదీతీర పట్టణము, దాని విద్యాపరంపర



ఏ గురువర్యుని స్మృతికై ఏటేటా ఈ ఉపన్యాసము ఏర్పాటగుచున్నదో, వారు జీవితమంతయు చరిత్రపాఠములు చెప్పుటయందే గడపిరి. వారు వ్రాసిన గ్రంథములు స్వల్పములు. వారు దిద్దిన శిష్యులు అనల్పులు. ఒక దేశచరిత్ర చదువునపుడు రాజుల వంశవృక్షముతోపాటు గురువుల వంశవృక్షమును గూడ గీసికొనవలెననియు, మొదటిది ఎండిపోయిన తావులలో రెండవది పచ్చగా నిలిచియుండుట తరచుగా కానవచ్చుననియు వారు బోధించెడివారు. ఆ బోధకు నిదర్శనమనదగిన ఒక చిన్న పట్టణమును నేటి ప్రసంగమునకు విషయముగా గైకొంటిని. ఫ్రాన్సు దేశమున, ఆంజూ సీమయందు, ఆంజే, తూర్ నగరముల నడుమ, లువార్ నది యొడ్డున వెలసిన సోమ్యూర్ అను ఈ పట్టణపు జనసంఖ్య నేటికిని ముప్పదివేలకు లోపలనే. అయినను అశ్వవిద్య యనినంతనే యూరపు ఖండమున మొదట స్మరింపబడు పేర్లలో అది యొకటి. సైనికశిక్షణ చరిత్రలో దానికొక ప్రత్యేకస్థానము కలదు. 1940 జూన్ నెలలో ఫ్రెంచి గౌరవమునకు మిక్కిలి చీకటివేళ వచ్చినపుడు ఆ గౌరవమును రెండుమూడు దినములపాటు భుజములపై మోసినది ఈ ఊరి విద్యార్థులే.

ఈ పట్టణమును గూర్చి చెప్పదలచినది ఒక్క ప్రశ్న చుట్టును అల్లుకొనియున్నది. ఒక విద్యకు లోకములోని ప్రయోజనము తీరిపోయిన పిమ్మట ఆ విద్యను ఏమి చేయవలెను? ఈ ప్రశ్న ప్రతి ప్రాచీనజాతికిని ఎదురగునదే. కొందరు ఆ విద్యను విడనాడి మరచిపోవుదురు. కొందరు దానిని అద్దాల బీరువాలో భద్రపరచి, భద్రపరచితిమి గదా యని తృప్తిపడుదురు. సోమ్యూరు వారు ఈ రెండింటికిని భిన్నమైన మూడవ త్రోవ త్రొక్కిరి. ఆ త్రోవ ఎట్టిదో విన్నవించుటయే నా యుద్దేశము.

నది, రాయి, కోట

ముందుగా ఆ చోటును మనసునకు దెచ్చుకొనవలెను. లువార్ ఫ్రాన్సులోని నదులన్నిటిలో పొడవైనది. వేయి కిలోమీటర్లకు పైగా ప్రవహించి అట్లాంటిక్ సముద్రమున గలియును. వేసవిలో ఇసుకతిన్నెలు బయటపడి పాయలు పాయలుగా చీలి, మన పెన్నను తలపించు ఈ నది, వఱదలు వచ్చినపుడు మాత్రము ఉగ్రరూపము దాల్చి ఊళ్లను ముంచుటయు కలదు. 1856 నాటి వఱదను ఆ తీరవాసులు తరతరములు చెప్పుకొనిరి. అందువలననే మధ్యయుగముల నుండి ఆ తీరమున కరకట్టలు పోసి, వానిని ఎత్తుచేయుచు, పదిలపరచుచు వచ్చిరి. సోమ్యూరువద్ద నది నడుమ ఒక లంక యుండుటచే, దక్షిణతీరమున నున్న ఊరిని ఉత్తరతీరముతో కలుపుటకు రెండు వంతెనలు అవసరమైనవి. అందొకదానిని 18వ శతాబ్దిలో కట్టిన ఇంజనీరు సెసార్, నీటి అడుగున పునాదిగుంజలను సమముగా కోయు ఱంపమును ఉపయోగించి, పెద్ద కొయ్యపెట్టెలలో కట్టిన స్తంభభాగములను ఆ గుంజలపై దింపి, కట్టడపువిద్యలో క్రొత్తమార్గము చూపెను. ఈ వంతెనలను గుర్తుంచుకొనవలెనని మనవి. ముందు వీని ప్రసక్తి మరల వచ్చును.

ఊరిని ఆనుకొనియున్న కొండచరియ తెల్లని సున్నపురాతితో నిండియున్నది. త్యుఫో అని పిలువబడు ఈ రాయి గనినుండి తీసినపుడు ఱంపముతో కోయదగినంత మెత్తగానుండి, గాలి తగిలినకొలది గట్టిపడును. ఊరిలోని కోట, దేవాలయములు, గృహములు సమస్తమును ఈ రాతికట్టడములే గనుక ఎండవేళ పట్టణమంతయు పాలతో కడిగినట్లుండును. రాయి తీయగా మిగిలిన సొరంగములును వృథాపోలేదు. కొన్నిటిలో పుట్టగొడుగులు పెంచుదురు. చల్లదనము సదా సమముగానుండుటచే కొన్నిటిలో నురుగులెత్తు ద్రాక్షసారాయమును సంవత్సరముల తరబడి పక్వము చేయుదురు. పూర్వము బీదజనులు ఆ గుహలలోనే కాపురములుండిరి. పనితీరిన గనిని గూడ మరియొక పనికి వినియోగించుకొను నేర్పు ఆ ప్రజలకు ఆ నేలయే నేర్పినదేమో యనిపించును.

కొండపై కోట యున్నది. 1026వ సంవత్సరమున ఆంజూ ప్రభువైన ఫుల్క్ నెర్రా ఈ ఊరిని జయించి తన సీమలో కలుపుకొనెను. 14వ శతాబ్ది ఉత్తరార్ధమున ఆంజూ ప్రభువు మొదటి లూయీ కోటను పునర్నిర్మించి, శిఖరములతో, చిమ్నీలతో, బంగారుపూతల గాలిసూచికలతో అలంకరించెను. బెర్రీ ప్రభువుకొఱకు లింబూర్గ్ సోదరులు ఆరంభించిన చిత్రమయ ప్రార్థనాగ్రంథములో సెప్టెంబరుమాసపు చిత్రమున ఈ కోటయే కనబడును. ముందువైపు ద్రాక్షతోటలో స్త్రీపురుషులు వంగి గుత్తులు కోయుచున్నారు. కంచరగాడిదల వీపున బుట్టలున్నవి. ఎడ్లబండి మీద తొట్లున్నవి. తోటకును కోటకును నడుమ వీరులు గుఱ్ఱములపై ఎదురెదురుగా దౌడుతీసి ఈటెలతో పోరుటకు వేసిన దడికట్టిన బరి యున్నది. క్రింద కృషీవలుడు, పైన ప్రభువు, మధ్య అశ్వక్రీడాస్థలము. ఈ మూడింటి నడుమనే ఆ ఊరి భవిష్యత్తంతయు ఇమిడియున్నది. కళాభిమానియైన రెనే ప్రభువు 1446లో ఈ ఊరివద్ద జరిపించిన వీరక్రీడోత్సవము ఆ యుగపు ఉత్సవములలో పేరుగాంచినది. అంతట ఆంజూ ప్రభువుల వంశము అంతరించెను. కోట చెఱసాలయై, ఆయుధాగారమై, తుదకు 1906లో పురపాలకసంఘము సొత్తయ్యెను. రాజుల వృక్షము ఎండినది. ఇక రెండవ వృక్షమును చూతము.

మొదటి పాఠశాల

1589లో సోమ్యూరునకు పాలకుడుగా వచ్చిన ఫిలిప్ ద్యుప్లెసీ మోర్నే, నాల్గవ హెన్రీ రాజునకు ఆంతరంగిక సచివుడు, గొప్ప పండితుడు, ప్రొటెస్టెంటు మతమున అచంచలవిశ్వాసము గలవాడు. మతయుద్ధములచే దేశమంతయు చీలియున్న ఆ కాలమున, తన మతస్థుల రక్షణకు కోటగోడలు చాలవనియు, విద్యాపీఠము వలయుననియు ఆయన యెఱిగెను. ఆ యెఱుకనుండి 16వ శతాబ్ది చివర సోమ్యూర్ అకాడమీ పుట్టినది. స్కాట్లండు నుండి, జర్మనీ సీమలనుండి, హాలండునుండి విద్యార్థులు లువార్ దాటి ఈ చిన్న యూరికి వచ్చిరి. హీబ్రూ భాషాపండితుడైన లూయీ కాపెల్, బైబులు మూలమునందలి అచ్చుల గుఱుతులు ఆదికాలమునుండి వచ్చినవి కావనియు, తరువాతి పండితులు చేర్చినవనియు యుక్తియుక్తముగా నిరూపించి 1624లో ప్రకటించినపుడు, స్వమతస్థులే ఆగ్రహించిరి. కాని కాలము ఆయన పక్షమునే నిలిచినది. మోయిజ్ అమిరో అను వేదాంతి, దైవకృప కొందఱికే పరిమితమను కఠినసిద్ధాంతమును సడలించి వ్యాఖ్యానించెను. పిమ్మట అమెరికాలో పెన్సిల్వేనియా వలసను స్థాపించిన విలియమ్ పెన్, యౌవనమున ఈ అమిరోవద్దనే శుశ్రూష చేసెను. గ్రీకు పండితుడు తనెగీ లఫెవ్ర్ ఇక్కడ పాఠములు చెప్పుచుండగా ఆయన కుమార్తె ఆన్ విని నేర్చుకొనినదని చెప్పుదురు. ఆమెయే తరువాత మదామ్ దాసియే అను పేర హోమరు కావ్యములను ఫ్రెంచి వచనములోనికి దెచ్చి యశస్సు గడించినది.

ఇంతటి విద్యాపీఠమును 14వ లూయీ 1685 జనవరిలో మూయించెను. ఆ యేటి అక్టోబరులో ప్రొటెస్టెంట్లకు మతస్వేచ్ఛ నొసగిన నాంత్ శాసనమునే రద్దుచేసెను. పండితులు, ముద్రాపకులు, వర్తకులు దేశాంతరగతులైరి, ఊరు వెలవెలబోయెను. కత్తితో ఒక పాఠశాలను మూయుట ఎంత సులభమో, దానికి సాటిదగుదానిని పుట్టించుట ఎంత దుష్కరమో ఈ యుదంతము చెప్పుచున్నది. అకాడమీ పోయినను, ఒక అలవాటు మాత్రము ఊరిలో మిగిలినది: దూరదేశములనుండి యువకులు వచ్చి గురువునొద్ద నేర్చుకొనిపోవుట. ఆ యలవాటే ఎనుబదియేండ్ల పిమ్మట మరియొక రూపమున మొలకెత్తినది.

గుఱ్ఱపుపాఠశాల

ఏడేండ్ల యుద్ధములో ఫ్రెంచి అశ్వదళము పరాభవము చెందిన పిదప, 1763లో మంత్రి ష్వాజుల్ ప్రభువు అశ్వసైన్యమును సంస్కరింప బూనుకొని, కారాబినియే అను అశ్వదళమును సోమ్యూరున నిలిపెను. షార్దొన్నే మైదానమునకు ఎదుట నేటికిని గంభీరముగా నిలిచియున్న తెల్లరాతి సౌధము అప్పటిదే. విప్లవము వచ్చెను, దళము వెడలిపోయెను, 1793 జూన్ 9న వాందే సీమ తిరుగుబాటుదారులు ఊరిని పట్టుకొనిరి, మరల ఊరు రిపబ్లికు చేతికి వచ్చెను. నెపోలియను పతనానంతరము 1814లో 18వ లూయీ ఇచట అశ్వసైనికశిక్షణాలయమును నెలకొల్పెను. 1822లో జనరల్ బెర్తోన్ పన్నిన కుట్రతో ఆ శిక్షణాలయము మూతపడినది. 1825లో పదవ చార్లెసు దానిని మరల తెఱపించెను. రాజులు, చక్రవర్తులు, రిపబ్లికులు మారిననాడెల్ల ఈ పాఠశాల తలుపులు మూతపడుటయు తెఱచుకొనుటయు జరిగినది. కాని తెఱచినప్పుడెల్ల, పాతగురువుల శిష్యులే క్రొత్తగురువులుగా ప్రవేశించిరి. 1830 విప్లవముతో వెర్సేయిలోని రాజాశ్వశాల అంతరించినపుడు, అక్కడి సంప్రదాయమునకు సోమ్యూరే ఆశ్రయమైనది. వెర్సేయిలో నేర్చిన కొర్దియే అప్పటికే ఇక్కడ ప్రధానాశ్వాచార్యుడు. 1828లో బెర్రీ డచెస్ రాకకై జరిపిన కరూసెల్ అను ఆశ్వికవిన్యాసము నేటివరకు ఆ ఊరి పండుగగా నిలిచియున్నది.

ఈ పాఠశాల అశ్వాచార్యులు ధరించు నల్లని దుస్తులవలన వారి పంక్తికి కాద్ర్ నువార్, అనగా నల్లదుస్తుల ఆచార్యబృందము, అను పేరు వచ్చినది. వారికి బంగారు అల్లికల పట్టీలు, రెండుకొనల టోపీ ఉండును. సైనికులు చనవుతోడను భక్తితోడను వారిని దేవతలని పిలుచుచు, ప్రధానాచార్యుని మహాదేవుడని వ్యవహరింతురు.

వారు ప్రదర్శించు విద్యలలో మూడింటిని వర్ణించెదను. కుర్బెత్ అను విన్యాసమున గుఱ్ఱము వెనుకకాళ్లపై బరువంతయు మోపి, ముందుకాళ్లు ముడిచి నిలుచును. క్రుపాదున ముందుకాళ్లు నేలపై నుంచి, వెనుకకాళ్లను బలముగా వెనుకకు ఎత్తి విసరును. కబ్రియోలున నాలుగు కాళ్లును నేలవిడిచి గాలిలోనికి లేచి, అక్కడ వెనుకకాళ్లను చాచును. రౌతు కూర్చుండు జీనునకు ముందు వెనుకలు ఎత్తుగానుండును. కాని రికాబులు ఉండవు. కాళ్లకు ఆధారమే లేనప్పుడు, కుదుపునకు కుదుపు ఎదురుచేయువాడు క్రిందపడును. నడుము సడలించి గుఱ్ఱపుకదలికను తన దేహములోనికి అనుమతించువాడు నిలుచును. ఈ విన్యాసములు కేవలము ప్రదర్శనకొఱకు పుట్టలేదు. జీనుపై నిలకడను నేర్పుటకు ఇవి పాఠములుగా ఉపయోగపడినవి. మన అమరసింహుడును ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని గుఱ్ఱపునడకలను అయిదుగా విభజించి చెప్పెను గదా. శాస్త్రబద్ధముగా గుఱ్ఱపునడకను గమనించిన జాతులు ప్రపంచమున అనేకములు. ఆ గమనికను విడువకుండ ఒకరినుండి యొకరు నేర్చుకొనుచు వచ్చినవారు మాత్రము బహుకొద్దిమంది.

గురువులిద్దఱు, శిష్యుడొకడు

19వ శతాబ్దిలో ఈ విద్యలో రెండు మతములు పొడసూపినవి. దోర్ ప్రభువు 1847 నుండి 1854 వఱకు సోమ్యూరున ప్రధానాచార్యుడు. బయలునందు, కంచెలు కాలువలు దాటుచు, ధైర్యముగా ముందునకు సాగు సవారి ఆయనది. ఫ్రాన్స్వా బోషే సర్కసు బరిలో పేరు గడించినవాడు. గుఱ్ఱపు దేహమునందలి ప్రతి బిగువును సడలించి, దవుడ మొదలుకొని తుంటివఱకు వశపఱచుకొని, రౌతు వ్రేలు కదలినంతనే స్పందించునట్లు చేయుట ఆయన మార్గము. ఈ యిద్దఱి శిష్యవర్గములును పత్రికలలో, కరపత్రములలో తీవ్రముగా వాదించుకొనిరి. ఆ యిద్దఱిని ఆశ్రయించి, ఇద్దఱివద్దను శ్రద్ధతో నేర్చి, ఏ ఒక్కరిని తూలనాడక, బయలున దోర్ మార్గమును, శాలలో బోషే మార్గమును అనుసరించినవాడు అలెక్సీ లోత్. ఆయన 1864 నుండి 1870 వఱకు సోమ్యూరున ప్రధానాచార్యుడు. పిమ్మట పాఠశాల కంతటికిని అధిపతి. జనరల్ పదవి నలంకరించినవాడు. గుఱ్ఱమునకు మనస్సు నెమ్మదింపవలెను, పిదప ముందునకు సాగు ఉత్సాహము కలుగవలెను, ఆ పిదప దేహము వంకరలేక ఋజువుగా నిలువవలెను అని, ఆ మూడును ఆ వరుసలోనే సాధింపవలెనని ఆయన నిర్ణయించినది నేటికిని ఆ పాఠశాలకు మూలసూత్రము.

లోత్ తన జ్ఞాపకములలో వ్రాసియుంచిన ఒక ఘట్టమును ఇచట చెప్పక మానలేను. 1855లో సర్కసుశాలలో దీపవృక్షము కూలి మీదపడుటచే బోషే కాళ్లు దెబ్బతినెను. ఆ తరువాత ఆయన బలప్రయోగమును ఇంకను తగ్గించి తన పద్ధతిని సంస్కరించుకొనెను. 1873లో మరణశయ్యపై నున్న గురువును చూడవచ్చిన లోత్ చేతిని బోషే తన చేతిలోనికి దీసికొని, కళ్ళెపుపగ్గము పట్టు భంగిమలో దానిని అమర్చి, కదలకుండ గట్టిగా నొక్కి, ఇదియే సదా యనెను. అంతట ఆ చేతిని లోత్ రొమ్మువైపునకు లాగి, ఇది యెన్నడును తగదనెను. చెప్పవలసినది అంతే. అఱువదియేండ్ల అనుభవసారము, వాదోపవాదములన్నియు దాటి, ఒక చేతినుండి మఱియొక చేతికి స్పర్శరూపమున సంక్రమించినది. పగ్గమును తనవైపు లాగుకొనరాదు. చేయి స్థిరముగా నుండవలెను. గుఱ్ఱమే వచ్చి దానిని అందుకొనవలెను. ఈ విషయమును గ్రంథమున చదివినవాడు తెలిసికొనును. ఆ చేతి నొక్కుడును అనుభవించినవాడు నేర్చుకొనును.

మహాభారతమున నలమహారాజు బాహుకుడై ఋతుపర్ణుని రథము తోలినపుడు, అతనినుండి అక్షహృదయమును గ్రహించి, మారుగా అశ్వహృదయమును ఇచ్చుటకు అంగీకరించెను. విద్యను ధనముతో కొనుట కాక విద్యతోనే మార్చుకొనిన ఆ కథలోని గౌరవభావము, లోత్, బోషేల నడుమ నడచిన వ్యవహారమునందును గోచరించుచున్నది.

1940 జూన్

ఇంతలో యుగము మారెను. తుపాకి, ఫిరంగి, మరఫిరంగి వచ్చిన రణరంగమున గుఱ్ఱమునకు స్థానము కుదించుకొనిపోయెను. 1912లో అమెరికా సైనికోద్యోగి జార్జ్ పాటన్ సోమ్యూరునకు వచ్చి కత్తిసాము నేర్చుకొనెను. ఆయనయే రెండవ ప్రపంచయుద్ధమున టాంకుదళములతో ఫ్రాన్సు మీదుగా దూసుకొనిపోయెను. ఆ పాఠశాల కూడ మోటారుసైకిళ్లను, సాయుధశకటములను తన పాఠ్యక్రమములో చేర్చుకొనెను.

1940 మే నెలలో జర్మను సేనలు ఫ్రాన్సు పైబడినవి. జూన్ 17న మార్షల్ పేతాన్ రేడియోలో పోరు చాలింపవలెనని ప్రకటించెను. ఆ మాట విన్న సైనికులు అనేకులు ఆయుధములు దించిరి; రహదారులు కాందిశీకులతో నిండినవి. సోమ్యూర్ పాఠశాలకు అధిపతియైన కర్నల్ మిషోన్ అధీనమున ఉన్నవారు ప్రధానముగా ఉద్యోగార్హత పొందుటకు చదువుచున్న రిజర్వు విద్యార్థులు, సుమారు 800 మంది, ఇరువదియేండ్ల ప్రాయమువారు. వారివద్ద నున్నవి చాలవఱకు పాఠమునకు వాడు ఆయుధములు. ఇతరదళముల శేషములు, సెయింట్-మెక్సాన్ పదాతిపాఠశాల విద్యార్థులు, అల్జీరియా సైనికులు కొందఱు కలిసి మొత్తము రెండువేల అయిదువందలకు అటునిటు. ఎదుటివారు అనేకరెట్లు అధికులు. వెనుక శతఘ్నిబలము గలవారు. విధి విచిత్రముగా, ఎదుర వచ్చినది జర్మనీయుల మొదటి అశ్వసేనావిభాగము. జర్మను సైన్యమున అప్పటికి మిగిలియున్న ఒకేయొక అశ్వవిభాగము.

మిషోన్ పోరాటమునకే నిశ్చయించెను. మోంసొరో నుండి జెన్ గ్రామము దాటువఱకు సుమారు 40 కిలోమీటర్ల నదీతీరమును చిన్నచిన్న జట్లుగా విద్యార్థులకు పంచి అప్పగించెను. జూన్ 18 అర్ధరాత్రి ప్రాంతమున శత్రువు ఉత్తరతీరమునకు చేరుకొనగా వంతెనలు కూల్చివేయబడినవి. మరునాడంతయు ఊరిపై ఫిరంగిగుండ్లు కురిసినవి. 20వ తేదీన జర్మనులు పడవలలో నదిని దాటిరి. జెన్ వద్ద లంకను కాపాడుచున్న లెఫ్టినెంట్ జాక్ దెప్లా, తన పెంపుడుకుక్క నెల్సన్‌తో కూడ, అచటనే నేలగూలెను. ఓనీ వ్యవసాయక్షేత్రమున పోరు మిక్కిలి భీకరమైనది. యువకులు చేజారిన స్థలమునకై ఎదురుదాడి సల్పిరి. ఆ దినముననే ఊరిచేరువ పెతీ-ప్వీ యనుచోట, 29 ఏండ్ల సంగీతకర్త జెహాన్ అలేన్, ఆర్గన్ వాద్యమునకు అపూర్వరచనలు సంతరించినవాడు, సందేశవాహక సైనికుడుగా పోరాడి మరణించెను. గుండ్లు అయిపోయినవి, సహాయము వచ్చు ఆశ లేదు. పోరు ముగిసినది. పట్టుబడిన విద్యార్థుల పరాక్రమమునకు గౌరవసూచకముగా జర్మను సేనాని వారిని ఖైదు చేయక విడిచిపుచ్చెను. శత్రువులు వారిని పేర్కొనిన కాడెట్లు అను మాటయే చరిత్రలో వారికి నిలిచినది. సోమ్యూర్ కాడెట్లు అనినచో ఫ్రాన్సులో వివరణ అక్కరలేదు. జెన్ గ్రామమున సెయింట్-యూసెబ్ దేవాలయము ప్రక్కన వారిలో కొందఱి సమాధులున్నవి.

ఈ పోరాటమువలన యుద్ధగతి మారలేదు. ప్రయోజనదృష్టితో కొలిచినచో అది వ్యర్థమనియే చెప్పవలసివచ్చును. కాని ఆ యువకులకు నేర్పబడిన విద్యయొక్క సారము ప్రయోజనగణన కాదు. చేయి కదలరాదు, స్థానము విడువరాదు, భయము కలిగినపుడు లాగుకొనరాదు. జీనుపై నేర్చిన ఈ నిలకడయే నదియొడ్డున నిలిచినది. శిక్షణ యొకటి నిజముగా ఒంటబట్టినదని తెలియుటకు, దాని పాఠ్యవిషయము అదృశ్యమైన స్థలమున దాని స్వభావము మిగిలియుండుటకంటె ఉత్తమసాక్ష్యము లేదు.

మూడవ త్రోవ

యుద్ధానంతరము పాఠశాల సాయుధశకటములకును అశ్వసైన్యమునకును కలిపి శిక్షణాలయముగా రూపొందెను. అశ్వసైన్యమను పేరు మిగిలినది. వాహనము మాత్రము టాంకు. ఆ యూరి టాంకుల ప్రదర్శనశాలలో నేడు 800లకు పైగా శకటములున్నవి. వానిలో అనేకము నేటికిని కదలి నడచునట్లు మరమ్మతుచేసి ఉంచిరి. ఇక గుఱ్ఱము మాట యేమి? సైన్యమునకు దానితో పని తీరినది. వ్యయము మాత్రము మిగిలినది. కాద్ర్ నువార్ బృందమును రద్దుచేసిన సరిపోవునను తలంపు సహజముగనే కలుగదగినది.

1972లో ఫ్రెంచి ప్రభుత్వము వేఱుగా నిశ్చయించెను. జాతీయ అశ్వవిద్యాలయము నొకదానిని సోమ్యూరున స్థాపించి, కాద్ర్ నువార్ ఆచార్యులనే దానికి ప్రాణముగా నిలిపెను. 1984లో ఆ బృందము ఊరిప్రక్కనున్న సెయింట్-హిలేర్-సెయింట్-ఫ్లోరాన్‌లోని విశాలమైన లాయములకు తరలినది. సైనికులతోపాటు సామాన్యపౌరులు, కాలక్రమమున స్త్రీలును ఆ నల్లని దుస్తులు ధరించిరి. దేశమంతటినుండి అశ్వశిక్షకులు కాగోరువారు అచట చదువుకొనిరి. లాడములు కొట్టువారు, జీనులు కుట్టువారు, పశువైద్యులు ఆ వాతావరణముననే తమతమ విద్యలను నిలుపుకొనిరి. 2011లో యునెస్కో సంస్థ ఫ్రెంచి సంప్రదాయపు అశ్వారోహణమును మానవజాతి అమూర్తవారసత్వములలో చేర్చెను. బలప్రయోగము లేక, మనుష్యునకు గుఱ్ఱమునకు సామరస్యము సాధించుటయే ఆ సంప్రదాయపు లక్షణముగా గుర్తింపబడినది. యుద్ధముకొఱకు పుట్టిన విద్య యుద్ధమునుండి విడివడి, తనలోని సౌమ్యాంశముచేతనే శాశ్వతమైనది.

ఇదియే నేను మూడవ త్రోవ యనినది. ప్రయోజనము తీరిన విద్యను విసర్జింపలేదు; గాజుపలకల వెనుక బంధింపలేదు. దానినుండి ఆయుధాంశమును వేఱుచేసి టాంకులకు అప్పగించిరి; కళాంశమును జీవించియున్న గురువులకు అప్పగించి, ఆ గురువులకు జీతము, లాయము, శిష్యులు, ఏటేటా ప్రదర్శన ఏర్పాటుచేసిరి. కళ నిలుచుటకు ఈ నాలుగును వలయును. వీనిలో ఏ యొక్కటి లేకున్నను, తక్కిన మూడును కొలదికాలమునకే నశించును.

మన మాటకు వచ్చెదము. మన భాషలోను మనుమంచిభట్టు హయలక్షణవిలాసమును రచించెను. నకులుని పేర, శాలిహోత్రుని పేర గ్రంథములు ప్రచారమునందున్నవి. విజయనగరప్రభువులు గోవా రేవునుండి అశ్వములను విశేషధనమిచ్చి తెప్పించుకొనిరి. గ్రంథము మిగిలినది, ఆ గ్రంథములోని మాటను గుఱ్ఱముపై చేసి చూపు గురువుల వరుస తెగిపోయినది. అశ్వవిద్య యొకటియే కాదు. తాటాకుపై గంటముతో వ్రాయుట, కర్రసాము, తోలుబొమ్మలాట వంటి విద్యలెన్నో నేడు మన నడుమ వృద్ధులైన గురువుల చేతులలో ఊగిసలాడుచున్నవి. వీనినిగూర్చి పరిశోధనవ్యాసములు వెలువడుట మంచిదే. ఛాయాచిత్రములు తీయుట, ధ్వనిముద్రణ చేయుట మంచిదే. కాని ఈ పనులన్నియు చేసి, ఆ వృద్ధగురువునకు ఇరువదియేండ్ల శిష్యుని ఒక్కనిని ఏర్పరుపకున్నచో, మనము ఆ విద్యకు జీవితచరిత్ర వ్రాసితిమే గాని ఆయువు పోయలేదు.

కావున ఈ సభవారికి నా ప్రార్థన ఒక్కటియే. మీలో సంస్థలు నడపువారున్నారు, ధనవంతులున్నారు, విద్యాధికారులున్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క విద్యను ఎన్నుకొనుడు. ఆ విద్యకు మిగిలియున్న గురువును వెదకి, గౌరవవేతనమిచ్చి, కూర్చుండుటకు చోటు చూపి, ఇద్దఱు శిష్యులను సమకూర్చి, సంవత్సరమున కొకతూరి నలుగురియెదుట ఆ విద్యను ప్రదర్శింపజేయుడు. దీనివలన ఏమి ప్రయోజనమని ఎవరైన అడిగినచో, ప్రయోజనము తీరిన పిమ్మటనే విద్యయొక్క నిజమైన స్వభావము బయల్పడుననియు, అది మన బిడ్డలకు నిలకడ నేర్పుననియు సమాధానము చెప్పుడు. గురువర్యుని స్మృతికి ఇంతకు మించిన అర్చన వేఱొకటి కలదని నేను తలంపను.